కుళాయి చప్పుడు

ఉదయం ఆరున్నర అయ్యేసరికి ఆదం ఇంట్లో రెండు చప్పుళ్ళు వినిపించాలి. ముందు గదిలో దూది ఏకే మిషను చప్పుడు ఒకటి, వెనక వంటింట్లో అతని భార్య మదీనాబీ గొంతు రెండోది. మిషను ఆగితే ఆగుతుంది గానీ ఆ రెండోది ఆగదని, పరుపులు కుట్టించుకోడానికి వచ్చిన వాళ్ళందరికీ ఆదం ముప్ఫై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. అలాంటిది ఈ పదమూడు రోజులుగా ఆ ఇంట్లో మిషను ఒక్కటే మోగుతోంది.

ఆ శనివారం పాలు పొయ్యడానికి వచ్చిన అప్పలకొండమ్మ గిన్నెలోకి పాలు వంచుతూ లోపలికి తొంగి చూసింది. "డాక్టరమ్మ ఇంకా లీవేనేటి?" అని అడిగింది.

"జొరం," అంది మదీనాబీ.

"డాక్టర్లకి కూడా ఇన్నేసి రోజులు జొరాలొత్తాయేటి?" అని ఆవిడ క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది. మదీనాబీ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. తల ఎత్తితే షాపు బోర్డు కనిపిస్తుంది. కూతురు డాక్టరు పాసైన వారం రోజులకే ఆదం ఆ బోర్డు మార్పించాడు. 'డాక్టర్ యాస్మిన్ తండ్రి ఆదం పరుపుల షాపు' అని ఎర్ర అక్షరాల్లో రాయించుకున్నాడు. నడుం నొప్పికి ఏ పరుపు మంచిదో మీ డాక్టరమ్మనడిగి చెప్పమని మనుషులు వస్తూనే ఉంటారు. ఆదం కూడా అడిగినట్టే లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చి, పత్తి పరుపే మంచిదందని చెప్పేస్తాడు.

ఆ డాక్టరమ్మ గదిలోంచి బయటికి రావడం మానేసింది. దేవరాపల్లి అవతల ఒక పీహెచ్‌సీలో ఆమె చేరి ఏడు నెలలైంది. పదమూడు రోజుల కిందట అక్కడ రాజశ్రీ అనే ఇరవై మూడేళ్ళ పిల్ల ఆడబిడ్డని కన్నది. బిడ్డ బాగానే ఉంది, తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. ఇవ్వాల్సిన మందులన్నీ ఇచ్చి, యాస్మిన్ తనే అంబులెన్సు ఎక్కి, దారి పొడుగునా రెండు చేతులతో ఆ పిల్ల కడుపు నొక్కి పట్టుకుంది. అనకాపల్లి ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా ఆ చేతుల కిందే రాజశ్రీ ప్రాణం పోయింది. పై డాక్టర్లు కాగితాలన్నీ చూసి, చెయ్యాల్సినవన్నీ చేశావమ్మా, నీ తప్పేమీ లేదన్నారు. ఆ మాట ఆమెకి ఒంటబట్టలేదు. ఇంటికొచ్చి తెల్లకోటు మేకుకి తగిలించింది. మదీనాబీ దాన్ని ఉతికి, ఇస్త్రీ చేయించి మళ్ళీ అదే మేకుకి పెట్టింది. అది అక్కడే ఉంది.

పెనం మీద దిబ్బరొట్టె పోసి మూత పెట్టేసరికి యాస్మిన్ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు.

"అమ్మా, నేను వైజాగ్ వెళ్ళిపోతాను."

"వైజాగ్‌లో ఏటుంది?"

"ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఆస్పత్రుల నుంచి వచ్చే కాగితాలు చూసి, ఈ వైద్యం అవసరమా కాదా అని రాయాలి. డిగ్రీ ఉంటే చాలు. రోగుల మొహాలు చూడక్కర్లేదు. ఇక్కడ రాజీనామా రాసేసేను. సోమవారం పంపేస్తాను."

మదీనాబీ అట్లకాడ కింద పెట్టింది. "ఇన్నేళ్ళు సదివింది కాగితాలకి జొరం సూడ్డానికా?"

మాటలు వినపడి ఆదం మిషను ఆపి వచ్చాడు. మీసాల నిండా దూది. "ఏటయిందే?" అన్నాడు భయంగా. యాస్మిన్ తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఆ బోర్డు తీయించెయ్యి. నాకు సిగ్గుగా ఉంది."

ఆదం భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "సోమవారం తీయిస్తాన్లే," అన్నాడు. అంత మెల్లగా అతను మాట్లాడగా మదీనాబీ ఎప్పుడూ వినలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఒక్క మనిషి పోయిందని ఇంకెవుర్నీ సూడనంటే ఎలాగే? డాక్టరన్నాక గుండె గట్టిగుండాల."

"అదేనమ్మా నాకు లేంది," అంది యాస్మిన్. "నీకుంది. పోయినవాళ్ళు ఎంతమందికి గుసుల్ స్నానం చేయించి వచ్చేవు. వచ్చి, స్నానం చేసి, మాకు అన్నాలు పెట్టేదానివి. హోంవర్కు చేసేవా అని అడిగేదానివి. ఒక్కసారైనా నీ కళ్ళు తడవడం నేను చూళ్ళేదు. పెద్దయ్యేక నేనూ అలాగే ఉండాలనుకున్నాను. ఆ రోజు ఆస్పత్రి వరండాలో రాజశ్రీ అత్తకి సంగతి చెప్పాల్సొచ్చినప్పుడు నిన్నే తలుచుకున్నానమ్మా. అమ్మలాగ నిలబడాలి, ఏడవకూడదు అనుకున్నాను. అలాగే నిలబడ్డాను. ఆవిడ అందరి ముందూ ఏమందో తెల్సా? 'ఈ డాక్టరమ్మ కంట్లో సుక్క నీరు లేదు సూడండి. ఈవిడికి మనం మనుషులం కాం' అంది."

పెనం మీద రొట్టె మాడు వాసన వేస్తోంది. ఎవరూ మూత తియ్యలేదు.

"నీది రాయి గుండె అమ్మా. దాంతో నువ్వు బతగ్గలవు. నా వల్ల కాదు."

ముప్ఫై ఏళ్ళలో మదీనాబీని గయ్యాళి అన్నవాళ్ళున్నారు, పెద్ద నోరు అన్నవాళ్ళున్నారు. రాయి అన్నవాళ్ళు లేరు. ఆ సమయానికే బయట ఎవరో "పిన్నీ" అని పిలిచారు.

గాజుల కొట్టు సమద్. వాడి మొహం చూస్తేనే తెలిసిపోయింది. "అమ్మ పోయింది పిన్నీ, తెల్లారగట్ల నమాజు యేళకి," అన్నాడు. "మద్దినేళ జొహర్ నమాజు తర్వాత జనాజా ఎత్తుదామనుకుంటన్నాం. నువ్వు రావాల."

చనిపోయిన మనిషికి చేయించే ఆఖరి స్నానాన్ని గుసుల్ అంటారు. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేయించాలి. ఆ వీధుల్లో ఆ పని మదీనాబీది. ఆమెకి అత్త నేర్పింది. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు, పిలిస్తే రానని ఎప్పుడూ అనలేదు. కానీ నీళ్ళు పొయ్యడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఎప్పుడూ తోడొచ్చే హుస్సేన్‌బీ మోకాళ్ళ నొప్పులతో పూడిమడకలో కూతురి దగ్గరుంది. మదీనాబీ కూతురి వైపు తిరిగింది.

"మనిషి తక్కువయ్యేరు. నువ్వొచ్చి నీళ్ళు పొయ్యాల."

"నేనా?"

"నీకు చేతులున్నాయి కదా," అంది మదీనాబీ. కోపంగానే అంది. యాస్మిన్ తల మీద దుపట్టా కప్పుకుంది.

సమద్ వాళ్ళింట్లో వెనక గదిలో నాలుగు వైపులా దుప్పట్లు కట్టి, మధ్యలో బల్ల వేశారు. రేగాకులు వేసి కాచిన నీళ్ళు పెద్ద డేగిసాలో ఉన్నాయి. మదీనాబీ మణికట్టు మీద రెండు చుక్కలు పోసుకుని చూసింది. "ఇంకొంచెం చన్నీళ్ళు కలుపు, కాల్తాయి," అంది. ఎవరికి కాలుతాయని యాస్మిన్ అడగలేదు, కలిపింది.

బల్ల మీదున్న సమద్ తల్లి మెహజబీన్‌కి డెబ్భై ఏళ్ళు దాటాయి. మదీనాబీ పెళ్ళికి చేతుల నిండా గాజులు తొడిగింది ఆమే. యాస్మిన్ కడుపున పడ్డ ఏడో నెలలో పచ్చగాజులు తెచ్చి, ఒక్కటీ చిట్లకుండా తొడిగి, "డాక్టరమ్మ పుడతాదిలే," అని నవ్వింది కూడా ఆమే.

ఒంటి మీద దుప్పటి తొలగకుండా, దాని కిందనుంచే మదీనాబీ చేతులు కదులుతున్నాయి. పని మొదలుపెడుతూ ఆమె అలవాటు ప్రకారం మెల్లగా మాట్లాడుతోంది. "కుడిచెయ్యి ఎత్తుతన్నాను మెహజబీనప్పా. మెల్లగానే ఎత్తుతాన్లే. ఇదిగో, ఇప్పుడు పక్కకి తిప్పుతాం. మన యాసు పట్టుకుంది, పడవులే." ప్రతి పనికీ ముందు చెప్పి, అప్పుడు చేస్తోంది. యాస్మిన్ మొదటి మగ్గు బల్ల మీద చిందించింది. రెండోసారికి చెయ్యి కుదిరింది. మొహం మీద చిందకుండా, ధార తెగకుండా పోసింది. అన్నేళ్ళ పాటు పోసిన హుస్సేన్‌బీకి కూడా ఆ చెయ్యి లేదు. ఇలాంటి చోట పుత్రికోత్సాహం ఏమిటని మదీనాబీ తనను తాను తిట్టుకుంది గానీ, అది ఆగలేదు.

ముసలావిడ వీపు మీద ఎప్పటిదో పాత కాలిన మచ్చ కనిపించింది. యాస్మిన్ తల్లి వైపు చూసింది.

"ఇక్కడ సూసింది ఇక్కడే," అంది మదీనాబీ.

"మాకూ అదే నేర్పుతారమ్మా," అంది యాస్మిన్. పదమూడు రోజుల్లో తనది ఏ పనో ఆమె గుర్తు చేసుకోవడం అదే మొదటిసారి.

మూడోసారి నీళ్ళలో కర్పూరం కలిపి పోశారు. తెల్లటి కఫన్ గుడ్డ చుట్టారు. బయటికొచ్చాక మదీనాబీ సమద్ భార్య పక్కన కాసేపు కూర్చుని వీపు నిమిరింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. యాస్మిన్ తననే చూస్తోందని ఆమెకి తెలుసు.

ఇంటికి రాగానే, ఎప్పటిలాగే నేరుగా పెరట్లోని స్నానాలగదికి వెళ్ళి గడియ పెట్టింది. శవస్నానం చేయించి వచ్చినవాళ్ళు స్నానం చెయ్యడం మామూలే. అయితే మదీనాబీ స్నానం ముప్పావుగంట. కుళాయి పూర్తిగా తిప్పితే ఖాళీ బకెట్లో నీళ్ళు దబదబా మోగుతాయి. ఆ మోత చాటున ఆమె చేసే పని ఒకటుంది. అది ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ తెలియదు, కనీసం తెలియదని ఆమె అనుకుంటోంది.

చెయ్యి కుళాయి మీద పడింది. నీది రాయి గుండె అన్న మాట చెవిలో మళ్ళీ వినిపించింది. ఆ మాట పుట్టింది ఎక్కడో ఆమెకి అప్పుడు తెలిసింది. ఈ కుళాయి దగ్గరే పుట్టింది. పిల్ల విన్నదల్లా నీళ్ళ చప్పుడు, చూసిందల్లా స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన తల్లిని. అదే ధైర్యం అనుకుంది. ఆ ధైర్యాన్నే వరండాలో ఆ పల్లెటూరి మనిషి ముందు పెట్టి మాట పడింది.

మదీనాబీ కుళాయి తిప్పలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఏడ్చింది. మెహజబీనప్పా, ఏ చేత్తో గాజులేసేవో ఆ చెయ్యి కడిగేనే అని బయటికి వినపడేలాగే ఏడ్చింది.

తలుపు చప్పుడైంది. "అమ్మా. అమ్మా, తలుపు తియ్యి. ఏమైంది?"

గడియ తీసింది. యాస్మిన్ గుమ్మంలో నిలబడిపోయింది. తల్లి మొహం అలా ఉండగలదని ఆమెకి ఇరవై ఏడేళ్ళుగా తెలియదు.

"పెతీసారీ ఇంతేనే," అంది మదీనాబీ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "కుళాయి తిప్పేసి ఏడుత్తాను. మా అత్త నేర్పేటప్పుడు సెప్పింది, ఆళ్ళింట్లో మనం ఏడవకూడదు, మనం బెదిరితే ఆళ్ళు ఇంకా బెదురుతారని. ఆళ్ళింట్లో అంది గానీ మనింట్లో ఏడవొద్దని అన్లేదు. ఆ రెండోది నేనే కల్పించుకున్నాను. పిల్లలు బెదురుతారని దాసేను. నీకు తప్పు నేర్పించేసేనమ్మా."

యాస్మిన్ తడి గచ్చు మీదే తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. పదమూడు రోజులుగా లోపల గడ్డకట్టుకుపోయింది ఒక్కసారిగా కరిగి వచ్చింది. "నా చేతుల కిందే పోయిందమ్మా," అంది. "నొక్కి పట్టుకునే ఉన్నాను. చేతులు తియ్యలేదు. పోయేక కూడా తియ్యలేదు. నర్సు వచ్చి తీసింది." ఆ మాటనే మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ మదీనాబీ కొత్తగా విన్నట్టే వింది.

కాస్త తేరుకున్నాక యాస్మిన్ అడిగింది. "ఇంత బాధపడి, మళ్ళీ ఎవరైనా పిలిస్తే ఎలా వెళ్తావు?"

"బాధపడతాను కాబట్టే పిలుత్తారు. గుండె రాయి సేసుకుంటే సెయ్యి కూడా రాయైపోద్ది. రాయి సేత్తో నీళ్ళు పోత్తే ఒంటికి తగుల్తాది. ఏడిసి, స్నానం సేసి, ఇంత తింటాను. మూడో రోజు ఆళ్ళింటికెళ్ళి కూచుంటాను. ఆ మూడో రోజు ఎల్తేనే నా పని అయినట్టు." మదీనాబీ కూతురి తల నిమిరింది. "నువ్వు ఎల్లలేదు. నీ పని సగంలో ఉండిపోయింది. అందుకే నీకు నిద్దర రాటం లేదు."

పెరటి గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. ఆదం. అక్కడ ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు.

"ఇవేళ ట్యాంకు కాళీ అవలేదేటా అని వచ్చేను," అన్నాడు.

"నీకు తెలుసా?" అంది మదీనాబీ తెల్లబోయి.

"తెలక? నువ్వు గుసుల్‌కెళ్ళినప్పుడల్లా మోటారు ఏసింది ఎవరనుకున్నావు?"

మర్నాడు ఆదివారం తల్లీ కూతుళ్ళు చోడవరం మీదుగా దేవరాపల్లి బస్సెక్కారు. చెరకుతోటల మధ్య బస్సు దిగి నడుస్తుంటే యాస్మిన్, "గెంటేస్తారేమోనమ్మా," అంది.

"గెంటితే గెంటించుకుందాం. ఆళ్ళకి ఆ హక్కుంది."

పెద్దదినం అయి రెండు రోజులే అయింది. పందిరి ఇంకా విప్పలేదు. రాజశ్రీ అత్త దేముడమ్మ వసారాలో ఒళ్ళో పసిగుడ్డుని పెట్టుకుని కూర్చుంది. చూసింది గానీ రమ్మనలేదు, పొమ్మనలేదు. యాస్మిన్ వెళ్ళి నేల మీద ఎదురుగా కూర్చుంది. చెప్పాలని బస్సులో కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు.

"రాజశ్రీని బతికించలేకపోయేనమ్మా. ఆఖరి దాకా నా చేతుల్లోనే ఉంది. ఒంటరిగా పోలేదు. అది మీకు చెప్పాలని వచ్చేను." కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

దేముడమ్మ ఆ కన్నీళ్ళ వైపు చూసింది. "ఆ రోజు నోటికొచ్చింది అనేసేను తల్లీ," అంది. "కోడలన్న మాటే గానీ నా కూతురే అది. ఎవుర్ని తిట్టాలో తెలక నిన్ను తిట్టేను." ఇద్దరూ ఏడ్చారు. పక్కన మదీనాబీ కూడా ఏడ్చింది, దాచకుండా.

ఆ ఏడుపులో పసిది సన్నగా మూలిగింది. యాస్మిన్ తలెత్తింది. ఆ మూలుగు విని ఆమె మొహం మారడం మదీనాబీ చూసింది.

"ఇలా ఇవ్వండమ్మా. రోజుకి ఎన్నిసార్లు ఒంటికి పోస్తోంది?"

"నిన్న రెండుసార్లే పోసింది. ఎప్పుడూ నిద్దరే, ఏడుపు కూడా లేదు. మంచిపిల్లనుకున్నాను."

యాస్మిన్ బిడ్డ మాడు మీద వేళ్ళు ఆనించింది. నాలుక చూసింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి వదిలింది. తరవాత పాలడబ్బా తెమ్మంది. డబ్బాలో ఉండాల్సిన కొలత చెంచా లేదు. దాని బదులు ఇంట్లో టీలో పంచదార వేసుకునే చిన్న చెంచా ఉంది. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ వస్తుందని దేముడమ్మ ఆ చెంచాతో కలుపుతోంది. పిల్ల కడుపులోకి వెళ్తున్నది దాదాపు నీళ్ళే.

తిట్టడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. యాస్మిన్ తిట్టలేదు. ఆ కొలత చెంచా వెతికించి, కాచి చల్లార్చిన నీళ్ళలో తనే పాలు కలిపి, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టింది. కలపడం దేముడమ్మ చేత రెండుసార్లు చేయించింది. పిల్ల గుటకలు వేస్తుంటే ఒక్కో గుటకకీ తల ఆడిస్తోంది. నిన్ననే వంటింటి గుమ్మంలో చేతకాదన్న చేతులు అవేనా అని మదీనాబీ కళ్ళప్పగించి చూసింది.

"భయం లేదమ్మా, టైముకే చూసేం," అంది యాస్మిన్. "రెండు గంటలకోసారి పట్టండి. రాత్రి మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా 108కి ఫోన్ చెయ్యండి. రేపు పొద్దున్న ఆస్పత్రికి తీసుకురండి, బరువు చూడాలి."

"అక్కడ ఎవురుంటారు తల్లీ?"

యాస్మిన్ బిడ్డ మూతి తుడిచి దేముడమ్మ ఒళ్ళో పెట్టింది.

"నేనుంటాను," అంది యాస్మిన్.

ఆ రాజీనామా కాగితం ఏమైందో మదీనాబీ అడగలేదు. సోమవారం బోర్డు తీయించే సంగతి ఆదం కూడా ఎత్తలేదు.

నెల తిరక్కుండానే మళ్ళీ ఒక కష్టం వచ్చింది. పొలంలో పాము కరిచిన రైతుని ఆలస్యంగా తెచ్చారు, దక్కలేదు. సాయంత్రం ఇంటికొచ్చిన యాస్మిన్ సంచీ పక్కన పెట్టి, వంటింటి గడప మీద కూర్చుని, తల్లి ముందే వెక్కి వెక్కి ఏడ్చింది. మదీనాబీ ఓదార్చలేదు, ఊరుకోమనలేదు. పక్కన కూర్చుంది. పెరట్లోంచి మోటారు చప్పుడు వినిపించింది.

"నాన్నా, ట్యాంకు నిండే ఉంది," అంది యాస్మిన్ ఏడుపులోనే నవ్వుతూ.

"అలవాటైపోయిందే," అన్నాడు ఆదం బయటినుంచి.

యాస్మిన్ దిబ్బరొట్టె చెరకుపానకంలో ముంచుకుని రెండు ముక్కలు తింది. "రేపు బాక్సులో ఇంకో రొట్టె ఎక్కువ పెట్టమ్మా. దేముడమ్మగారు మనవరాలికి టీకా వేయించడానికి వస్తారు. బస్సు ఏడింటికే," అని చెప్పి వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున్న అప్పలకొండమ్మ పాలు పోస్తుండగా యాస్మిన్ తెల్లకోటు చేతి మీద వేసుకుని గబగబా గుమ్మం దిగి వెళ్ళింది. అప్పలకొండమ్మ ఆమె దాటేటప్పుడే మొహం పరకాయించి చూసింది.

"డాక్టరమ్మ కళ్ళు అలా వాచేయేటి? మళ్ళీ జొరమా?"

మదీనాబీ పాలగిన్నె అందుకుని, వీధి చివరి వాళ్ళకి కూడా వినపడేలా తన పాత గొంతుతో చెప్పింది.

"జొరం కాదు. నిన్న ఓ మనిషి కోసం ఏడ్సింది. ఇవేళ డ్యూటీకెళ్తంది. మా పిల్ల డాక్టరు."